కిగాలీలో కొట్టు పెట్టే ముందు

సందేహం: నా వయసు 31. గుంటూరులో హార్డ్‌వేర్ దుకాణం చూసుకుంటున్నాను. రువాండా రాజధాని కిగాలీలో ఉన్న మా బంధువు తన టైల్స్ వ్యాపారంలో వాటా ఇస్తానంటున్నాడు. అంత మారణకాండ జరిగిన దేశం నిజంగా కోలుకుందా? అక్కడి వ్యాపారులు ఏమనుకుంటున్నారు?

సమాధానం: నేను 2009లో ఒక వర్తక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగానికి కిగాలీ వచ్చాను. తర్వాత సొంతంగా రంగులు, ఇనుప సామాను కొట్టు పెట్టుకున్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు, దాదాపు వంద రోజుల్లో, ఇక్కడ ఎనిమిది లక్షల మందికి పైగా హత్యకు గురయ్యారు. ఆ ఒక్క ఏడాదిలోనే దేశ ఆదాయం సగానికి పడిపోయింది. అలాంటి దేశం 2000 తర్వాత రెండు దశాబ్దాల పాటు ఏటా సగటున ఏడు శాతం దరిదాపుల్లో ఎదిగింది. ఆ అంకెను నేను నమ్ముతాను, ఎందుకంటే దాని ఫలితం రోజూ చూస్తున్నాను. రాత్రి పదింటికి ఆడవాళ్లు ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్తారు. కంపెనీ నమోదు ఆన్‌లైన్‌లో గంటల్లో పూర్తవుతుంది. కాగితం కదలడానికి ఎవరి చెయ్యీ తడపాల్సిన అవసరం నాకు ఇంతవరకూ రాలేదు.

అయితే వ్యాపారుల మాట ఒక్కటిగా ఉండదు. హోటళ్లు నడిపేవారు, పెద్ద కట్టడాల గుత్తేదార్లు దేశం ఎప్పుడో నిలదొక్కుకుందంటారు. కిమిరొంకో మార్కెట్‌లో చిన్న కొట్టు వాళ్లను అడిగితే కాసేపు ఆలోచించి గానీ జవాబు చెప్పరు. మా పక్క కొట్టులో కిటెంగే అనే రంగురంగుల అచ్చు గుడ్డలు అమ్మే పెద్దావిడకు అరవై దాటాయి. 1994లో భర్తను పోగొట్టుకున్నారు. మొదట్లో ఎవరికీ అరువు ఇచ్చేవారు కాదట. పొరుగువాడే కత్తి పట్టి వచ్చిన ఊళ్లో, వచ్చే వారం ఇస్తానన్న మాటను ఎలా నమ్మమంటావని నన్నే అడిగారు. ఇప్పుడు ఆమె బల్ల కింద నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. పేజీకి పది పన్నెండు పేర్లు. బాకీ తీరినవాటి మీద ఎర్ర సిరాతో గీత. గీత పడని పేర్లూ ఉన్నాయి, వాటి గురించి ఆమె తొందరపడరు. దేశం తేరుకోవడం అంటే ఏమిటో నాకు ఆ ఎర్ర గీతలు చూశాకే తెలిసింది.

ఇక కష్టాల సంగతి. రువాండాకు సముద్రం లేదు. మన టైల్స్ టాంజానియాలోని దారుస్సలాం రేవులో దిగి, దాదాపు 1,500 కిలోమీటర్లు లారీ మీద రావాలి. సరుకు ధర కంటే దారి ఖర్చే కొన్నిసార్లు భయపెడుతుంది. పైగా సరుకు కొనేది డాలర్లలో, అమ్మేది ఇక్కడి ఫ్రాంకుల్లో. 2015లో డాలరుకు ఏడు వందల చిల్లర ఫ్రాంకులు ఉండేవి, 2024కి 1,300 దాటాయి. కంటైనరు దారిలో ఉండగానే లాభం కరిగిపోయిన సందర్భాలు నాకే ఉన్నాయి. బ్యాంకు అప్పు తీసుకుందామంటే వడ్డీ పదహారు శాతం దగ్గర. అందుకే ఇక్కడి చిన్న వ్యాపారులు ఎదుగుదల గురించి అడిగితే ముందు వడ్డీ గురించే చెబుతారు.

మీరు దేశం లోపలి గొడవల గురించి భయపడుతున్నారు. నా భయం సరిహద్దుల గురించి. ఉగాండా వైపు గతూనా సరిహద్దు 2019 ఫిబ్రవరిలో మూతపడి, 2022 జనవరి చివర్లో గానీ తెరుచుకోలేదు. ఆ దారి మీద ఆధారపడిన వ్యాపారులు బాగా చితికిపోయారు. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరం తిరుగుబాటుదారుల చేతికి వెళ్లింది. వారికి రువాండా అండ ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అన్నారు, రువాండా ప్రభుత్వం కాదంటోంది. కొన్ని పాశ్చాత్య దేశాలు సాయాన్ని ఆపాయి. రోజూ సరిహద్దు దాటి కూరగాయలు, పాలు అమ్ముకునే, గోమా పక్కనే ఉన్న రుబావు వాసులకు ఇది పొయ్యి మీద ఎసరు సంగతి. మీ బంధువు సరుకులో ఎంత భాగం సరిహద్దు అవతలికి వెళ్తుందో అడిగి తెలుసుకోండి.

అమ్మిన ప్రతి వస్తువుకూ ఈబీఎం, అంటే పన్ను శాఖకు లెక్క చేరే ఎలక్ట్రానిక్ యంత్రం, బిల్లు ఇవ్వాలి, 18 శాతం వ్యాట్ కట్టాలి. ఒకసారి నేను మన ఊరు వచ్చినప్పుడు మా కుర్రాడు రెండు డబ్బాల రంగు బిల్లు లేకుండా అమ్మాడు. దానికి కట్టిన జరిమానా ఆ రంగు మీద వచ్చే లాభానికి ఎన్నో రెట్లు. నెలలో చివరి శనివారం ఉదయం ఉముగాండా, అంటే ఊరంతా కలిసి చేసే శ్రమదానం. అప్పుడు దుకాణాలు మూసి ఉంటాయి. మీరూ పార పట్టుకుని వెళ్లండి. మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలవడం అక్కడే మొదలైంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మీ పనివాళ్లను, కొనేవాళ్లను ఏ వర్గం వారని, హుటూలా టుట్సీలా అని, పొరపాటున కూడా అడగవద్దు. ఆ మారణకాండ జరిగింది ఆ తేడా మీదే. 1994 తర్వాత గుర్తింపు కార్డుల మీద జాతి పేరు తీసేశారు. ఎదుటివారి ఇంటిపేరు విని కులం ఆరా తీసే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని శంషాబాద్‌లోనే వదిలి విమానం ఎక్కండి. ఏప్రిల్ 7 నుంచి వారం రోజులు సంతాప దినాలు. 2024లో ఉగాది 9వ తేదీన వచ్చింది. ఆ ఏడాది మేము పాటలు, విందులు లేకుండా ఇంట్లోనే పచ్చడి కలుపుకున్నాం. పక్క కొట్టు పెద్దావిడకు గిన్నెలో కొంచెం తీసుకెళ్లి, ఇందులో చేదు కూడా కావాలనే వేస్తామని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా గిన్నె ఖాళీ చేసి ఇచ్చారు.

ఇప్పుడే డబ్బు పంపకండి. ముందు మూడు నెలలు వచ్చి మీ బంధువు కొట్టులో కూర్చోండి. వచ్చేలోపు ఆయన దగ్గర గత రెండేళ్ల పన్ను కాగితాలు, కంటైనరు ఖర్చుల లెక్క, అరువు ఖాతా నకలు తెప్పించుకోండి. అరువు ఖాతా చూపించడానికి వెనకాడితే వాటా మాట అక్కడితో ఆపేయండి. చూపిస్తే, ఆరు నెలలు దాటిన బాకీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు మళ్లీ రాయండి.