నాలుగేళ్ళుగా డయాలసిస్ మీదున్నా, భయం గురించి నాకు తెలిసింది ఇదీ

ప్రశ్న: నాన్నకు జబ్బు, ఇంటి మీద అప్పు. రాత్రయితే గుండె దడ. రోజూ ప్రార్థన చేస్తున్నా భయం పోవట్లేదు. నా విశ్వాసంలో లోపముందా? కష్టాల్లో విశ్వాసం నిజంగా నిలబెట్టినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

లోపం లేదండీ. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత నా సంగతి చెబుతా. ఎందుకంటే సరిగ్గా ఆ "లోపం" అన్న మాటే నన్ను ఒకసారి చావు దాకా తీసుకుపోయింది.

మాది ఒంగోలు దగ్గర పల్లె. లేడీస్ టైలర్ని, వయసు 47. బీపీ ఉందని తెలిసీ మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. తలనొప్పి వస్తే, రోజంతా మిషన్ మీద కళ్ళు పెట్టబట్టి అనుకునేవాణ్ణి. కాళ్ళు వాచి, అన్నం వాసనకే వాంతులై ఆసుపత్రికి పోయేసరికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, ఒకటి దగ్గర్లో ఉండాలి) 11. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఆ రోజే మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. అప్పటినుంచీ సోమ, బుధ, శుక్రవారాలు, పూటకు నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ కార్డు మీద జరుగుతోంది కాబట్టి బతికున్నాం, లేకపోతే మా ఇంటి పునాది రాళ్ళు కూడా అమ్మినా చాలేది కాదు.

భయం అంటే మొదట నేను చావు భయం అనుకున్నా. కాదు. నాది నీళ్ళ భయం, పడుకునే భయం. మూత్రం దాదాపు ఆగిపోయినవాడికి రోజుకు ముప్పావు లీటరు నీళ్ళు, అందులోనే టీ, మజ్జిగ, కూరలో పులుసు అన్నీ. ఎక్కువైతే ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తుల్లోకి. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చోవాలి. శుక్రవారం నుంచి సోమవారం దాకా మధ్యలో డయాలసిస్ ఉండదు కాబట్టి మా బోటివాళ్ళకు ఆదివారం సాయంత్రమే గండం. చర్చిలో పొద్దున "యెహోవా నా కాపరి" పాడి వచ్చి, రాత్రి గోడకు ఆనుకుని తెల్లారే దాకా గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. (ప్రభు బల్ల రోజున, యేసు రక్తానికి గుర్తుగా చర్చిలో ఇచ్చే ఆ చిన్న కప్పు ద్రాక్షారసం కూడా నేను లెక్కలో వేసుకుంటా. మా ఆవిడ నవ్వుతుంది, "ప్రభువు రక్తానికి కూడా కొలత పెట్టావా" అని. డైటీషియన్ మాత్రం మెచ్చుకుంది.)

మూడో నెలలో అనుకుంటా, పక్క ఊళ్ళో సభలు పెట్టారు. బయటినుంచి వచ్చిన బోధకుడొకాయన నా మెడలో గొట్టం చూసి తల మీద చెయ్యి వేశాడు. "విశ్వాసమున్నవాడికి సూదులెందుకు బ్రదర్? నీలో ఏదో అడ్డు ఉంది. ఆ అడ్డు తీసెయ్" అన్నాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం, అలాంటివాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఆ రాత్రి నేను దేవుడితో బేరం పెట్టుకున్నా. డయాలసిస్ మానేస్తా, అది నా విశ్వాసం. కిడ్నీ బాగు చెయ్యి, అది నీ వంతు. చేస్తే ప్రతి సభలో లేచి సాక్ష్యం చెబుతా.

బుధవారం పోలేదు. శుక్రవారం పోలేదు. మా ఆవిడ ఏడ్చి, తిట్టి, చివరికి మాట్లాడటం మానేసింది. శనివారం రాత్రి పన్నెండు దాటాక నోట్లోంచి నురగ. 108 బండిలో ఆక్సిజన్ పెట్టి తీసుకుపోతుంటే, "దేవుడికి నా మీద కోపం వచ్చిందే" అని గొణిగానంట. దానికి మా ఆవిడ ఇచ్చిన జవాబు ఇప్పటికీ మా ఇంట్లో సామెతలా వాడుకుంటాం. "దేవుడి కోపం కాదు, నువ్వు తాగిన నీళ్ళకి ఊపిరాడట్లా. కళ్ళు మూసుకో."

దయచేసి మీ నాన్నగారి మందులు ఎవరు మానమన్నా మానొద్దు. ఎంత పెద్ద బోధకుడైనా సరే.

తర్వాతి వారం మా సంఘం పాస్టరుగారు ఇంటికొచ్చారు. పెద్దాయన, డెబ్బై దాటాయి. ప్రార్థన చేసి పోతారనుకున్నా, ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని కీర్తన 88 చదివారు. ఎప్పుడైనా చదివారా అది? మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటే నాకు బంధువర్గమైంది అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆయన బైబిల్ మూసి, "ఇది కూడా పరిశుద్ధ గ్రంథంలోదే అబ్బాయా. దీన్నెవరూ చింపెయ్యలేదు. భయమేస్తుంటే భయమేస్తందని ఆయనకే చెప్పుకో. అది అవిశ్వాసమని నీకెవరు చెప్పారు?" అన్నారు.

నేను బేరం సంగతి చెప్పా. అప్పుడాయన మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కథే చెప్పారు గానీ, నేనెప్పుడూ అటువైపు నుంచి వినలేదు. 1876-78లో మా వైపు పెద్ద కరువు. పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సర్వే పని తెలిసిన మనిషి కావడంతో, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్ళు, మా పూర్వీకులు. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే ఆయన ఇవ్వలేదు. ఒక రోజూ రెండ్రోజులూ కాదు, పదిహేను నెలలు. గింజల కోసం, కూలి కోసం వస్తున్నారేమో, కరువు పోయాక చూద్దాం అని. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగి ఇచ్చింది కూడా దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని.

అందరూ దేవుడి కోసమే వచ్చారా అంటే నేను చెప్పలేను. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని కాలంలో, తమని మనుషుల్లా చూసినవాళ్ళ వెంట పోవడం మాత్రం తప్పెలా అవుతుంది? పాస్టరుగారు పట్టుకున్న కొస వేరు. "మీ ముత్తాతల్ని గింజల కోసం రావద్దన్నారు. వాళ్ళు గింజలు లేకపోయినా వచ్చారు. నువ్వేమో కిడ్నీ ఇస్తేనే వస్తానంటున్నావు" అన్నారు. గట్టిగా తగిలింది. కోపమొచ్చింది కూడా. ఆయనకేం, రెండు కిడ్నీలూ ఉన్నాయి అనుకున్నా. ఆ కోపం తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

తగ్గాక ఏమైందంటే, ఏమీ కాలేదు. వెలుగేమీ కనపడలేదు. కాకపోతే ప్రార్థనలో అడిగే మాట మారింది. "బాగు చెయ్యి" అనడం పూర్తిగా మానలేదు, ఇప్పటికీ అడుగుతా, జీవన్‌దాన్‌లో, అంటే అవయవదానం కోసం ఎదురుచూసేవాళ్ళ ప్రభుత్వ జాబితాలో, పేరు రాయించి ఎదురుచూస్తూనే ఉన్నా. కానీ అది షరతు కాదు. ఎక్కువగా అడిగేది, "ఇవాళ్టి నాలుగు గంటలు నా పక్కనుండు." అంతే. కీర్తన 56లో ఒక మాటుంది: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దావీదు గాతు అనే ఊళ్ళో శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటి కీర్తన అది. నేనెన్నోసార్లు చదివా గానీ ఆ "దినమున" అన్న మాట మీద చూపు నిలవలేదు. భయం పోయాక ఆశ్రయిస్తానన్లేదు ఆయన. భయపడే రోజునే అన్నాడు. అంటే భయం ఉంది, ఆశ్రయమూ ఉంది, రెండూ ఒకే రోజున, ఒకే గుండెలో. నాకు ఈ ఒక్క మాట చాలా పెద్ద ఊరట ఇచ్చింది.

మెడ గొట్టం తీసి ఎడమ చేతికి ఫిస్టులా చేశారు. మణికట్టు దగ్గర ధమనిని, సిరని కలిపి కుట్టి, రెండు నెలలు ఆగి అక్కడ సూదులు గుచ్చుతారు. దాని మీద వేళ్ళు పెడితే లోపల జుమ్మంటుంది. కుట్టుమిషన్ మోటారు స్విచ్ వేసి పెడల్ నొక్కకుండా వదిలేస్తే సన్నగా ఒక రొద వస్తుంది చూడండి, అచ్చం అదే. ఆ రొద ఆగితే ఫిస్టులా మూసుకుపోయినట్టు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. అందుకని రాత్రుళ్ళు ప్రతి గంటకీ లేచి చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ఇప్పుడు పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూస్తా. పడుకునే ముందు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆ రొద వింటూ ఆ వచనం చెప్పుకుంటా. ప్రార్థనంటే నాకు చాలా రోజులు అదొక్కటే. పెద్ద ప్రార్థనలు నావల్ల కాలేదు.

గుండె దడ సంగతి అడిగారు కదా. నేను డాక్టరుగారికి కూడా చెప్పా. ఆయన కొన్నాళ్ళు మాత్ర రాసిచ్చారు, వేసుకున్నా. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీరూ చెప్పండి.

ఇంకో సంగతి. నేను "విశ్వాసం నిలబెట్టింది" అంటే, అందులో సగం మనుషులే. మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పద్ధతి ఇంకా ఉంది. అన్నం వండే ప్రతి పూటా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలాఖరుకి చర్చికి తెస్తారు. కూలి పనికి పోయేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లోనే అంతంత మాత్రం. నేను ఆర్నెల్లు మిషన్ తొక్కలేకపోయినప్పుడు ఆ మూట మా ఇంటికి వచ్చేది. రకరకాల బియ్యం కలిసి ఉండేవి, రేషన్ బియ్యం, సన్నాలు, ఎవరో వేసిన నూకలు. ఉడికితే ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు ముద్ద. మొదటిసారి ఆ అన్నం ముందు కూర్చుని నాకు ముద్ద దిగలేదు. సిగ్గో, మరేదో. మా అమ్మ, "తిను నాన్నా, ఊరంతా కలిసి వండిన అన్నం అది" అంది. ఇప్పుడు డయాలసిస్ పింఛను నెలకు 10,000 వస్తోంది, కూర్చుని చేసే హెమ్మింగు, హుక్కులు చేస్తున్నా. మా ఇంట్లో కూడా డబ్బా పెట్టాం.

మీకు సంఘం ఉంటే, మీ కష్టం వాళ్ళకు చెప్పండి. అప్పు సంగతి కూడా. మనవాళ్ళు జబ్బు గురించి ప్రార్థన మనవి ఇస్తారు గానీ అప్పు గురించి నోరు విప్పరు, పరువు పోతుందని. నేనూ చెప్పలేదు ఏడాది దాకా. చెప్పాక ఒకాయన నాతోపాటు వడ్డీవ్యాపారి దగ్గరికి వచ్చి కూర్చుని, చక్రవడ్డీ కొట్టేయించి అసలు వాయిదాలకు ఒప్పించాడు. ఆయన చేసిన ప్రార్థనల్లో నాకు బాగా పనికొచ్చింది అదే.

చివరగా ఒక మనిషి గురించి చెప్పాలి. డయాలసిస్ గదిలో ఎప్పుడూ అవే మంచాలు, అవే మనుషులు. నా పక్క మంచం మీద చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసిన పెద్దాయన ఉండేవాడు. క్రైస్తవుడు కాదు, మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ. సూది గుచ్చేటప్పుడు నేను కీర్తన 23 లోలోపల గొణుక్కునేవాణ్ణి, ఆ రెండు సూదులూ లావుగా ఉంటాయి మరి. ఒకరోజు ఆయన ఇటు తిరిగి, "ఏందబ్బాయా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావ్. కాస్త గట్టిగా అను, నాకూ ఇనపడేట్టు" అన్నాడు. అప్పటినుంచి గట్టిగా చెప్పేవాణ్ణి. "గాఢాంధకారపు లోయలో" దగ్గరికి రాగానే ఆయన, "ఆ, క్వారీ అడుగున అట్టాగే ఉంటది" అనేవాడు. తన సూదులు పూర్తయ్యేదాకా ఆపనిచ్చేవాడు కాదు, కీర్తన అయిపోతే మళ్ళీ మొదటినుంచి చెప్పించేవాడు. ఏడాదిన్నర అలా గడిచింది.

మొన్న సంక్రాంతి తర్వాత సోమవారం ఆ మంచం మీద దుప్పటి కొత్తగా మార్చి ఉంది. మా గదిలో అలా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. సిస్టరు నా చెయ్యి పట్టుకుని, గుచ్చడానికి సూది తీసుకుంది. నాకు నోరు రాలేదు. ఆమే, "మొదలుపెట్టండి" అంది. మొదలుపెట్టా. లోయ దగ్గర గొంతు ఆగింది, మళ్ళీ అందుకున్నా.

ఇప్పుడా మంచం మీద ఇంజినీరింగ్ చదివే కుర్రాడు వస్తున్నాడు. ఎప్పుడూ గోడవైపు తిరిగి, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను గట్టిగానే చెబుతున్నా. మొన్న బుధవారం ఒక చెవిది తీశాడు.