నటుడు గురువైనప్పుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా యానాంలో కనకాల దేవదాస్ గారిని అందరూ ‘హీరోలకు నటన నేర్పిన మాస్టారు’ అనే తలుచుకుంటారు. ఆయన స్వయంగా నటుడనీ, సినిమాలకు దర్శకత్వం వహించారనీ ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. ఒకే మనిషి మూడు పనులు చేస్తే ఒకటి మిగిలిన రెండింటినీ మింగేస్తుందా?
(ఒక పాఠకుడు, యానాం)

జవాబు: దేవదాస్ గారు 1945లో మీ యానాంలోని కనకాలపేటలో, ఆ ఊళ్లు ఇంకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న రోజుల్లో పుట్టారు. రంగస్థలం మీద అడుగులు వేసి సినిమాకు వచ్చారు. 1974లో వచ్చిన ‘ఓ సీత కథ’ వంటి చిత్రాల్లో నటించారు. 1978లో ‘చలిచీమలు’, 1980లో ‘నాగమల్లి’ చిత్రాలకు దర్శకత్వం వహించారు. ‘చలిచీమలు’ అన్న పేరు వినగానే సుమతీ శతకంలోని సర్పం పద్యం గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు కనుక, ఆ పేరు పెట్టడంలోనే ఒక దర్శకుడి ఆలోచన కనిపిస్తుందని నేను అనుకుంటాను. అయినా మీరన్నట్టు ఆయన పేరు వినగానే ముందుగా మనసులో మెదిలేది మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తరగతి గది, ఆ తరువాత హైదరాబాదులో ఆయన నడిపిన నటశిక్షణాలయం.

ఒకటి మిగిలిన రెండింటినీ మింగిందని మాత్రం నేను ఒప్పుకోను. ఆ రెండూ లేకపోతే మూడోది అంత బలంగా నిలిచేది కాదు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిగా చిరంజీవి, రాజేంద్రప్రసాద్, శుభలేఖ సుధాకర్ గార్ల పేర్లు తరచుగా వింటుంటాం. ఆ ముగ్గురినీ ఒకసారి పక్కపక్కన ఉంచి చూడండి. ఒకరిలో కళ్లూ ఒళ్లూ ఒకేసారి కదిలే వేగం ఉంది. ఇంకొకరిలో మాటకూ మాటకూ మధ్య సరిగ్గా ఎంతసేపు ఆగాలో తెలిసిన హాస్యం ఉంది. మరొకరిలో గొంతు పెంచకుండానే ఎదుటివారి మనసును తాకే నెమ్మది ఉంది. ఒకే గురువు దగ్గర చదివారని తెరమీద వారిని చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఆ గురువు గొప్పతనానికి అంతకంటే పెద్ద ఆధారం నాకు అక్కరలేదు.

నటుడైన గురువుకు ఎదురయ్యే అతి పెద్ద చిక్కు తానే చేసి చూపించాలనే ఆశ. శిష్యుడు ఒక వాక్యం దగ్గర తడబడగానే, ఆ వాక్యాన్ని పలకడం బాగా వచ్చిన గురువుకు నోరు ఊరుకోదు. తాను పలికి చూపిస్తాడు. శిష్యుడు ఆ పలుకుబడిని, ఆ చేతి ఊపుతో సహా, యథాతథంగా దింపేస్తాడు. ఆ రోజుకు పని జరుగుతుంది కానీ ఆ కుర్రవాడు ఏమీ నేర్చుకోడు. దర్శకుడికి ఈ తొందర క్షమించదగినదే, ఎందుకంటే అతనికి సూర్యుడు దిగిపోతుంటాడు, కాల్షీటు అయిపోతుంటుంది, ఆ ఒక్క షాటు చేతికి వస్తే చాలు. గురువుకు ఆ షాటుతో నిమిత్తం లేదు. రేపు తాను లేని చోట, తాను చదవని పాత్రలో ఆ శిష్యుడు నిలబడాలి. రెండు పనులూ చేసినవారికి ఈ తేడా అనుభవంతో తెలుస్తుంది. దర్శకుడి కుర్చీలో కూర్చున్నవారికి, నటుడు సెట్టు మీదికి రాకముందే ఏమేమి నేర్చుకుని ఉండాలో కూడా తెలుస్తుంది.

ఇక్కడ లక్ష్మీదేవి గారిని వదిలి మాట్లాడితే సగమే చెప్పినట్టు అవుతుంది. ఆమె దేవదాస్ గారి భార్యగానే కాక ఆయనతో సమానంగా నటన నేర్పిన గురువుగా ఎందరి మనసుల్లోనో ఉన్నారు. 2018లో ఆమె, 2019 ఆగస్టు 2న ఆయన వెళ్లిపోయారు. మీ ఊరివారు ఆయనను తలుచుకునే సభలు జరిపితే ఆమె పటాన్నీ పక్కన పెట్టవలసిందిగా నా మనవి.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చదువుతూ పరిషత్తు నాటికల్లో వేషాలు వేస్తున్నాడు, బహుమతులు కూడా వచ్చాయి. ఈ మధ్య ఒక లఘుచిత్రంలో నటించబోతే ‘డ్రామా యాక్షన్ వద్దు’ అని పదిమందిలో చిన్నబుచ్చారట. వాడు నాటకాలే మానేస్తానంటున్నాడు. స్టేజీ మీద పెరిగినవాడు కెమెరాకు పనికిరాడా?
(ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, నాటకం మానవద్దని ముందు మీ అబ్బాయికి చెప్పండి. ఆ మాట అన్నవారు తప్పును చూశారు కానీ దానికి కారణం చూడలేదు. నాటకం ఆడటం తప్పు కాదు. రెండు చోట్లా చూసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది మీ అబ్బాయికి ఇంకా ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మన పాత నాటకాలు మైకులు లేని రోజుల్లో పుట్టాయి. పందిరి చివర నేల మీద కూర్చున్న మనిషికి కూడా మాట అందాలి, ముఖంలోని భావం పెట్రోమాక్సు వెలుగులో కనిపించాలి. అందుకే గొంతు నాభి నుంచి లేచేది, చేయి భుజం నుంచి కదిలేది, కనుబొమలకు గాఢంగా రంగు పడేది. పద్యం చివర రాగం సాగదీస్తే జనం ‘ఒన్స్ మోర్’ అనేవారు, నటుడు చచ్చిపడిన పాత్రలోంచి లేచి మళ్లీ పాడిన సందర్భాలు కూడా పెద్దలు చెబుతారు. ఈనాటి పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, మైకులు వేలాడుతున్నా, న్యాయనిర్ణేతల బల్లను దాటి వెనక వరుసకు చేరాలనే ఆ పాత పట్టుదల మన నాటికల్లో ఇంకా ఉంది. ఉండటం మంచిదే, ఎందుకంటే ఊపిరి మీద అదుపు, వాక్యం చివర వరకు శక్తి నిలుపుకోవడం, పక్కవాడు మాట మరిచిపోయినా కథ తెగకుండా నడపడం, ఇవన్నీ అక్కడే వస్తాయి.

కెమెరా ముందు చూసేవాడు మూడడుగుల దూరంలో ఉంటాడు. క్లోజప్‌లో ముఖం గోడంత అవుతుంది, రెప్పపాటు కూడా ఒక చర్య అవుతుంది. స్టేజీ మీద కోపం చూపడానికి మీ అబ్బాయి ఒక అడుగు ముందుకు వేస్తాడు. క్లోజప్‌లో ఆ అడుగు వేస్తే ఫోకస్‌లోంచి బయటపడతాడు. అక్కడ అదే కోపం దవడ దగ్గర ఆగాలి. మన నాట్యశాస్త్రం చెప్పిన ఆంగిక (ఒంటి కదలిక), వాచిక (మాట), ఆహార్య (వేషం), సాత్త్విక (లోపలి భావం) అభినయాలలో మొదటి మూడింటి పాళ్లను కెమెరా తగ్గిస్తుంది, నాలుగోదాన్ని మాత్రం స్టేజీకంటే నిర్దయగా పరీక్షిస్తుంది. లోపల ఏమీ లేకుండా ముఖం మాత్రం కదిపితే స్టేజీ మీద దాగవచ్చు కానీ తెరమీద దాగదు.

ఇంకొక తేడా వరుసకు సంబంధించినది. నాటికలో గంటసేపు కథ మొదటి నుంచి చివరికి పోతుంది, దుఃఖం మెట్టు మెట్టుగా పెరుగుతుంది. చిత్రీకరణలో చివరి ఏడుపు మొదటి రోజు ఉదయం తీయవచ్చు, దానికి ముందు జరిగిన గొడవ పదిరోజుల తరువాత తీయవచ్చు. టీకప్పు ఏ చేతిలో ఉందో, ఏ మాట దగ్గర కింద పెట్టాడో ప్రతి టేకులోనూ అదే విధంగా ఉండాలి. కాబట్టి కెమెరా నటుడు కథ మొత్తాన్నీ తనలో ఒక పటంలాగా పరుచుకుని, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి నిలబడగలగాలి. నాటకం ఆదినుంచి తుదివరకు చేసి చూసిన మీ అబ్బాయికి ఆ పటం గీసుకోవడం మిగిలినవారికంటే సులభం.

నేను కుర్రతనంలో వెళ్లిన ఒక శిబిరంలో గురువుగారు మొదటి వారం మాకు ఒక్క సంభాషణ కూడా ఇవ్వలేదు. రోజూ బస్టాండుకు పంపి, ఒక్క మనిషిని ఎన్నుకుని అరగంట చూసి రమ్మనేవారు. తిరిగి వచ్చాక, ఆ మనిషి సంచి ఎలా పట్టుకున్నాడో మాత్రమే చేసి చూపమనేవారు. నాటికల్లో అరిచి బహుమతులు తెచ్చుకున్న నాకు అది అవమానంగా తోచింది. నాలుగో రోజున ఒక ముసలాయన తన టికెట్టును జేబులో మూడుసార్లు తడుముకోవడం చూశాను; ఆ చేతిలో ఉన్న భయాన్ని నా చేతిలోకి తెచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీ అబ్బాయికి కూడా ఇదే పని చెప్పండి. ఫోనులో తన నటనను తానే చిత్రీకరించుకుని, ధ్వని తీసేసి చూడమనండి. మాట వినిపించకపోయినా విషయం అర్థమైతే సరే. ముఖం అనవసరంగా శ్రమపడుతున్నట్టు కనిపిస్తే అక్కడ తగ్గించుకోవాలి.

ప్రశ్న: నటుడు, గురువు, దర్శకుడు ఒక్కరిలోనే ఉండటం సినిమా వచ్చాక పుట్టిన విషయమా? మా తాతగారు బళ్ళారి రాఘవ గారి గురించి ఇలాగే చెప్పేవారు.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: మీ తాతగారి మాట సరైనది. తాడిపత్రిలో 1880 ఆగస్టు 2న పుట్టిన రాఘవాచార్యులు గారు వృత్తికి బళ్ళారిలో పేరున్న ప్లీడరు. వారి మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు నాటకకర్త కావడంతో నాటకం ఇంటి గాలిలోనే ఉంది. తెలుగుతో పాటు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఆయన నటించారు. రాగం కోసం పద్యాన్ని సాగదీసి అర్థాన్ని చంపే అలవాటును ఆ రోజుల్లోనే ఎదిరించి, పద్యాన్ని మాటగా పలకాలని పట్టుబట్టారు. కరతాళధ్వనులు పద్యానికే పడే కాలంలో ఒక నటుడు వాటిని వదులుకోవడానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించండి.

గురువుగా ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికంటే మిన్నగా తలచేది ఆడవేషాలను ఆడవారే వేయాలని వాదించి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగస్థలం మీదికి తీసుకురావడం. కొమ్మూరి పద్మావతీదేవి గారు అలా ఆయన సరసన నటించినవారే. ఇంటి గడప దాటి స్టేజీ ఎక్కిన స్త్రీకి సమాజం ఏ పేరు పెడుతుందో అందరికీ తెలిసిన రోజుల్లో, పక్కన నిలబడిన నటుడి మర్యాదే ఆమెకు రక్షణ.

సినిమా ఆయనకు ఆలస్యంగా ఎదురైంది. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడిగా, 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘రైతుబిడ్డ’లో, 1940లో ‘చండిక’లో కనిపించారు. జమీందారీ పీడనను నిలదీసిన ‘రైతుబిడ్డ’లో ప్రధాన పాత్ర వేసేనాటికి ఆయనకు దాదాపు అరవై ఏళ్లు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. అది కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు కూడా కావడంతో, ఏటా ఆ రోజున నాటకరంగ దినోత్సవం జరుపుకునేవారికి ఇద్దరినీ ఒకేసారి స్మరించుకునే అవకాశం ఉంది.

ప్రశ్న: ఇంటర్ పూర్తిచేసిన మా తమ్ముడికి నటన పద్ధతిగా నేర్పించాలని ఉంది. ప్రకటనలు చూస్తే భయంగా ఉంది.
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ‘అవకాశం ఇప్పిస్తాం’ అని మాట ఇచ్చే చోటికి పంపవద్దు. ఎవరు నేర్పుతారు, వారు ఏ నాటకాల్లో నటించారు, ఏవి నిర్దేశించారు, వారానికి ఎన్ని గంటలు స్వయంగా తరగతిలో ఉంటారు, ఈ నాలుగూ అడగండి. గోడ మీద ప్రముఖుల ఫోటోలను లెక్కపెట్టవద్దు. డిగ్రీ అయ్యాక విశ్వవిద్యాలయంలో చదివే ఓపిక ఉంటే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలకు శాఖలు ఉన్నాయి. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల, పుణెలో చలనచిత్ర శిక్షణ సంస్థ ఉన్నాయి. ఈలోగా ఊళ్లోని ఏదైనా నాటక సమాజంలో చేరి తెర లాగే పని దొరికినా చేయమనండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్తు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. వార్షికోత్సవానికి పిల్లలతో నాటిక వేయించాలి. ప్రతి మాటా నేనే చేసి చూపిస్తే తప్ప రావడం లేదు. ఇది సరైన పద్ధతేనా?
(ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: సమయం లేనప్పుడు అందరూ చేసేది అదే, మీ శ్రమను నేను తక్కువ చేయను. కానీ ఈసారి మూడు రోజులు ఆ కాగితాలను పక్కన పెట్టి చూడండి. నాటికలోని సందర్భాన్ని కథగా చెప్పి, మీ ఊరి యాసలో పిల్లల సొంత మాటలతో ఆడించండి. వాళ్లు ‘ఎల్లిపోనాడు’ అంటే ‘వెళ్లిపోయాడు’ అని దిద్దవద్దు. ఆ మాటతో పాటు వచ్చే చెయ్యి, మెడ, చూపు వాళ్ల సొంతం, దిద్దితే అవీ పోతాయి. నాలుగో రోజున రాసిన సంభాషణను చేతికి ఇవ్వండి, నోటికి పట్టనివి అప్పుడు మార్చుకోవచ్చు. మీరు వేదిక పక్కన కాకుండా గది చివర బెంచీ మీద కూర్చుని వినండి. వినబడకపోతే ‘గట్టిగా’ అనకుండా, ‘ఆ చివర ఉన్న అమ్మమ్మకు చెప్పు’ అనండి. సిగ్గుపడి మాట రాని పిల్ల ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ పిల్లకు మాటలు తక్కువగా, రంగస్థలం మీద పని ఎక్కువగా ఉన్న పాత్ర ఇవ్వండి, బిందె మోయడమో వల అల్లడమో.