ఫోన్ ఫార్మాట్ చేసేయమంటున్నారు, చేయొచ్చా?

ప్రశ్న: వకీలు సార్, మాది గుంతకల్లు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 64. ఈమధ్య మా ప్రాంతంలో పేరున్న నాయకుణ్ని ఒకాయన్ను చంపేశారు. మా చిన్నోడు ‘పీడ పోయింది’ అని స్టేటస్ పెట్టాడు. సుపారీ ఎవరిచ్చారో పేరుతో సహా చెప్పే వాయిస్ మెసేజ్ ఒకటి వస్తే నాలుగు గ్రూపులకు పంపాడు. డబ్బు క్రిప్టోలో ఇచ్చారు, దానికి జాడ ఉండదు అని కూడా అందులో ఉంది. మావాడు ఫోన్లో యూఎస్‌డీటీ అనే క్రిప్టో కాయిన్లు కొని అమ్ముతుంటాడు, దానికి నా పెన్షన్ ఖాతా వాడుకున్నాడు. ఒక బేరంలో వచ్చిన 18,500 రూపాయలు ఈ కేసు తాలూకువంటూ ఖాతా ఆపేశారు. వాడి సిమ్ కూడా నా పేరు మీదే ఉంది. ఇద్దరినీ స్టేషన్‌కు రమ్మని నోటీసు వచ్చింది. ఫోన్ ఫార్మాట్ చేసేస్తే గొడవే ఉండదని వాడి స్నేహితులు అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: వద్దు. మిగతాది తర్వాత చదువుకోండి, ముందు ఆ ఫోన్ మీ చేతికి తీసుకోండి. చట్టప్రకారం చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును దొరక్కుండా చెరిపేస్తే భారతీయ న్యాయ సంహిత 241 సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. హంతకుణ్ని కాపాడడానికే చెరిపాడని తేలితే 238 సెక్షన్ వస్తుంది, అది ఏడేళ్ల దాకా పోతుంది. ఈరోజుకి మీవాడి మీద ఉన్నది అనుమానమే. దాన్ని మీ చేతులతో మీరే నేరంగా మార్చుకోవద్దు.

క్రిప్టోకు జాడ ఉండదన్నది పెద్ద అపోహ. బిట్‌కాయిన్‌లో 2009 నుంచి జరిగిన ప్రతి బదిలీ ఎవరైనా చూడగలిగే పద్దులో ఉంది. పద్దులో మనిషి పేరు ఉండదు, అంతవరకే. యూఎస్‌డీటీ కూడా అంతే. ఆ పేరు బయటపడేది రూపాయల్లోకి మార్చుకునే చోట. 2023 మార్చి నుంచి మన దేశంలో క్రిప్టో ఎక్స్‌ఛేంజీలను, అంటే కాయిన్లు కొని అమ్ముకునే వేదికలను, మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారు. ఖాతాదారు గుర్తింపు వివరాలు తీసుకోవాలి, లావాదేవీల రికార్డులు ఐదేళ్లు దాచాలి, దర్యాప్తు అధికారి అడిగితే ఇవ్వాలి. 2021లో అమెరికాలో ఒక పైప్‌లైన్ కంపెనీ హ్యాకర్లకు 75 బిట్‌కాయిన్లు కడితే, ఎఫ్‌బీఐ ఆ పద్దు వెంటే పోయి 63.7 వెనక్కి పట్టింది. మోనెరో లాంటి కొన్ని క్రిప్టోలు పంపినవాణ్ని, మొత్తాన్ని దాచేస్తాయి, నిజమే. అయినా కొన్నప్పుడో అమ్మినప్పుడో చాలామంది యూపీఐ దగ్గర దొరికిపోతారు.

ఇప్పుడు మీవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని యాప్‌లో ఆ బేరం తెరిపించండి. ఆర్డర్ నంబరు, తేదీ, టైము, కొన్నవాడి పేరు ఉంటాయి. తర్వాత మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 18,500 పడిన వరుస చూడండి. అక్కడ 12 అంకెల యూపీఐ నంబరు, పంపినవాడి పేరు ఉంటాయి. రెండు పేర్లూ ఒకటేనా? నా దగ్గరికి వచ్చిన ఇలాంటి కేసుల్లో చాలావాటిలో కాదు. కాయిన్లు తీసుకున్నది ఒకడు, డబ్బు వేసింది ఇంకొకడు. పాపపు సొమ్ము ఏమీ తెలియనివాడి ఖాతాలోకి దిగేది ఇలాగే. ఎవరి డబ్బో తెలియక మార్కెట్ రేటుకు అమ్మాడని చెప్పడానికి మీవాడికి ఉన్న ఆధారం ఆ ఆర్డరు, దాని కింద ఉన్న చాట్. బ్యాంకు దగ్గర, ఎక్స్‌ఛేంజీ దగ్గర ఉన్నది మీరు చెరిపితే పోదు. ఫార్మాట్ కొడితే పోయేది మీవాడి వైపు మాట చెప్పే భాగమే.

నోటీసు ఏ సెక్షన్ కిందో చూడండి. నాగరిక్ సురక్షా సంహిత 179 అని ఉంటే సాక్షిగా పిలిచినట్టు. 60 దాటిన మగవాళ్లను అలా స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లే మీ ఇంటికి వచ్చి అడగాలి. పాత చట్టంలో ఇది 65 ఉండేది, 2024 జూలై 1 నుంచి 60 అయింది. మీవాడి నోటీసులో 35 అని ఉంటే అనుమానితుడిగా పిలిచినట్టు. అది వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చేతికి ఇచ్చి ఉంటే మాత్రం చెప్పిన టైముకు వెళ్లాల్సిందే. వెళ్తే మామూలుగా అరెస్టు ఉండదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. తనను కేసులో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకపోయే హక్కు వాడికి ఉంది. ఫోన్ పిన్ చెప్పాలా అన్నదాని మీద హైకోర్టులు తలోమాట చెప్పాయి, అక్కడ పక్కన వకీలు ఉండడం మంచిది.

ఫోన్ తీసుకుంటే ఊరికే చేతిలో పెట్టి రావద్దు. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) ఫోన్ గుర్తింపు సంఖ్యలైన రెండు ఐఎంఈఐ నంబర్లూ, స్క్రీన్ పగుళ్లతో సహా రాయించండి. స్వాధీనాన్ని వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105 సెక్షన్ చెబుతోంది. డేటా కాపీ తీసినప్పుడు ‘హ్యాష్’ అని ఒక పొడుగాటి సంఖ్య వస్తుంది. ఒక్క మెసేజ్‌లో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. సాక్ష్య అధినియం 63 సెక్షన్ సర్టిఫికెట్లో ఆ సంఖ్య రాసి తీరాలి. రేపు ఫోన్లో లేనిది ఉన్నట్టు ఎవరైనా చూపిస్తే మీవాణ్ని కాపాడేది అదే.

ఖాతా సంగతి. ఆపేసిన విషయం పోలీసులు మేజిస్ట్రేటుకు తెలపాలి. 18,500 వరకే ఆపి మిగతా పెన్షన్ వదలమని అదే సంహిత 503 సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయండి. గొడవలో ఉన్న మొత్తం వరకే ఆపాలని పలు హైకోర్టులు చెప్పాయి. క్రిప్టో అమ్మడం నిషేధం కాదు కానీ లాభం మీద 30 శాతం పన్ను ఉంది. కట్టి ఉండకపోతే ఆ మాట కూడా మీ వకీలుకు దాచొద్దు.

ఇక స్టేటస్. ఆ రెండు మాటలు చదివి నాకు బాధేసింది. పోయినాయన ఎలాంటివాడైనా, ఆ ఇంట్లో వాళ్ల ఫోన్లకు కూడా ఆ స్టేటస్ చేరి ఉంటుంది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సీఈవోను కాల్చి చంపితే, వేలమంది నవ్వే ఎమోజీలు పెట్టారు. ఒక హత్య జనంలో పగ రేపడం మనకు కొత్త కాదు. 2005 జనవరి 24న పరిటాల రవి హత్య తర్వాత అనంతపురంలో కాలిపోయిన బస్సులు నేను కళ్లారా చూశాను. చట్టం మాటకొస్తే, ఆన్‌లైన్ పోస్టులకు అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. సంతోషపడ్డంత మాత్రాన హత్యలో భాగస్వామి కాడు. నాకు భయంగా ఉన్నది ఆ వాయిస్ మెసేజ్. ఒక మనిషి పేరు పెట్టి సుపారీ ఇచ్చాడని అందులో ఉంది. అది అబద్ధమైతే న్యాయ సంహిత 356 కింద పరువునష్టం, వర్గాల మధ్య చిచ్చు పెట్టేలా ఉంటే 353 కింద మూడేళ్లు. ‘నేను తయారు చేయలేదు, వచ్చింది పంపాను’ అంటే సరిపోదు. ఇక ఎవరికీ పంపొద్దు. పంపినదాన్ని డిలీట్ కూడా చేయొద్దు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమనండి.

రేపే బ్యాంకుకు వెళ్లి ఆరు నెలల స్టేట్‌మెంట్ మీద సీలు వేయించుకోండి. అదీ, నోటీసూ పట్టుకుని తారీఖు రాకముందే వకీలును కలవండి. ఫీజు ఇబ్బంది అయితే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. మీవాడి ఫోన్‌కు మాత్రం చార్జింగ్ పెట్టి, ఉన్నది ఉన్నట్టే బీరువాలో ఉంచండి.