జీఐఎస్ నేర్చుకుంటానన్న మేనల్లుడికి

ఒంగోలు

చిరంజీవి బుజ్జికి,

మీ అత్త ఆశీర్వదించి రాయునది. డిగ్రీ అయిపోయిందనీ, జీఐఎస్ (మ్యాపులనూ లెక్కలనూ కంప్యూటర్‌లో కలిపి చూసే భౌగోళిక సమాచార వ్యవస్థ) నేర్చుకుంటే మంచి పని దొరుకుతుందని స్నేహితులు చెబుతున్నారనీ, హైదరాబాదులో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటావనీ అడిగావు. ఇన్‌స్టిట్యూట్ సంగతి ఆఖర్న చెబుతాను. నా సర్వీసంతా భూగర్భ జలాల పనిలోనే గడిచింది కదా, అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నా: ముందు ఒక ప్రశ్న పట్టుకో. ప్రశ్న చేతిలో లేకుండా సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే ఏ బటన్ ఎక్కడుందో వస్తుంది గానీ ఏ మ్యాపు ఎందుకు గీస్తున్నామో తెలియదు.

అసలు జీఐఎస్‌లో ఉండేది రెండే. ఒకటి పట్టిక. రెండోది, ఆ పట్టికలో ప్రతి వరుస భూమ్మీద ఎక్కడుందో చెప్పే జాడ. బోరు లోతు, ఫ్లోరైడ్ ఎంత, ఎప్పుడు పరీక్ష చేశారు అని రాసుకుంటే అది మామూలు లెక్కల పుస్తకం. దానికి అక్షాంశం, రేఖాంశం తగిలిస్తే బోరు మ్యాపు మీద పాయింటు అవుతుంది. కాలువలు, రోడ్లు లైన్లు. చెరువులు, సర్వే నంబర్లు పాలిగాన్లు, అంటే చుట్టూ హద్దు మూసిన ఆకారాలు. ఉపగ్రహం తీసిన చిత్రాలు మాత్రం చిన్న చిన్న గళ్లుగా ఉంటాయి, వాటిని రాస్టర్ అంటారు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పేర్చి, 'ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లకు అర కిలోమీటరు లోపల ఏ బడులున్నాయి' అని అడిగితే జవాబు చెబుతుంది. కంప్యూటర్లు లేనప్పుడు ఈ పని ట్రేసింగ్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పరిచి చేసేవాళ్లు. 1960ల్లో కెనడా ప్రభుత్వం తన భూముల లెక్క తేల్చుకోవాలనుకున్నప్పుడు రోజర్ టామ్లిన్సన్ అనే ఆయన దాన్ని కంప్యూటర్‌కెక్కించాడు. అక్కడి నుంచి మొదలైందీ విద్య.

నీకు ప్రశ్న నేనే ఇస్తాను. మీ కందుకూరు నుంచి వాయవ్యంగా కనిగిరి, పొదిలి, దర్శి వైపు వెళ్లు. గార పళ్ల పిల్లలు, కీళ్లు బిగుసుకుపోయి నడుము వంగిన పెద్దలు కనిపిస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు అది, ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ నమోదు చేసింది ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. ఇన్నేళ్లయినా ఆ బాధ మన చుట్టూ ఇంకా ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని ప్రమాణం. మీ చుట్టుపక్కల ఒక్క మండలం తీసుకుని, ఏ బోరులో ఎంతుందో, దాని నీళ్లు ఎవరు తాగుతున్నారో మ్యాపు చెయ్యి. అది చేసేలోపు నీకు జీఐఎస్‌లో కావలసినదంతా వచ్చేస్తుంది.

పనికి క్యూజీఐఎస్ చాలు. 2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఫోన్‌లో దాని తోటి యాప్ క్యూఫీల్డ్ వేసుకుంటే బోరు దగ్గరే నిలబడి వివరాలు ఎక్కించొచ్చు. ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రం చూసి 'ఇక్కడే బోరు ఉండుంటుంది' అని చుక్క పెట్టకు. బోరు లోతు, తేదీ, వానలకు ముందా తర్వాతా, పరీక్ష కిట్‌తోనా ల్యాబ్‌లోనా అన్నీ రాయి. నీళ్లలో ఫ్లోరైడ్ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి తేదీ లేని అంకె ఎందుకూ పనికిరాదు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. బోరుకు అది సరిపోతుంది. పొలం గట్టుకు మాత్రం వాడొద్దు. ఆ కాస్త తేడాకే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. హద్దు పని రోవర్ (కచ్చితంగా కొలిచే సర్వే జీపీఎస్) పట్టుకున్న సర్వేయర్‌కు వదిలెయ్.

అంకెలు ఎక్కించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. 15 డిగ్రీల 24 నిమిషాలంటే 15.24 కాదు, 15.40. నిమిషాలను అరవైతో భాగించాలి. అది మరిచిపోతే బోరు 17, 18 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. ఇక అక్షాంశం, రేఖాంశం తారుమారైతే కనిగిరి బోరు ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ల స్వాల్బార్డ్ దీవుల్లో తేలుతుంది. దూరాలు, విస్తీర్ణాలు కొలవాలంటే డిగ్రీల్లో కుదరదు, మీటర్ల ప్రొజెక్షన్‌లోకి, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి మార్చుకోవాలి. అలాంటిదే యూటీఎం, అది భూమిని జోన్లుగా విడదీస్తుంది. నెల్లూరు, ఒంగోలు రెండూ యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ 32644. ఇది ఎక్కడైనా రాసి పెట్టుకో.

ఊళ్ల పేర్లు నమ్ముకోకు. ఒకే జిల్లాలో కొత్తపాలేలు ఎన్నుంటాయో నీకు తెలుసు. పైగా ఒకే ఊరి పేరును ఒక్కో ఆఫీసు ఒక్కో స్పెల్లింగుతో రాస్తుంది. ప్రభుత్వం ప్రతి ఊరికీ ఇచ్చిన కోడ్ ఉంటుంది, పట్టికలు కలపాలంటే దాంతోనే కలుపు. హద్దుల లేయర్ ఏ ఏడాదిదో కూడా చూసుకో. మీ కందుకూరే తీసుకో: 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా, ఆ కొత్త జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు, 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం కిందే ఉంటుంది. ఇది చూసుకోకుండా జిల్లా మొత్తాలు తీస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే నాకు ముఖ్యమైన మాట. పాయింట్లన్నీ ఎక్కించాక, చుక్కల మధ్య ఖాళీని రంగులతో నింపాలని నీకు అనిపిస్తుంది. ఇంటర్‌పొలేషన్ అంటారు దాన్ని. చుట్టుపక్కల చుక్కల అంకెలను దూరాన్ని బట్టి సగటు చేసి మధ్యలో విలువ ఊహిస్తుంది. మ్యాపు చూడముచ్చటగా వస్తుంది, మీటింగుల్లో అందరికీ నచ్చుతుంది. కానీ మన పడమటి మండలాల్లో కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. ఒక పగులుకూ పక్క పగులుకూ సంబంధం ఉండాలని లేదు. ఒకే ఊళ్లో, పిలిస్తే పలికే దూరంలో రెండు బోర్లుంటే ఒకదాని నీళ్లు తాగొచ్చు, రెండోదానివి తాగకూడదు. రాయి, లోతు, నీళ్లు ఎంతకాలంగా ఆ రాతిలో నిలిచాయి అన్నదాన్ని బట్టి ఫ్లోరైడ్ కరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇదేమీ తెలియదు. నీళ్లు మంచివని నువ్వు పచ్చ రంగు పూసిన చోట ఎవరో నమ్మకంతో బోరు వేస్తారు, ఆ నీళ్లు పిల్లలు తాగుతారు. అందుకని అక్కడ చుక్కలను చుక్కలుగానే వదిలెయ్. పరీక్ష చెయ్యని చోటును ఖాళీగా చూపించు, 'ఇక్కడ పరీక్ష జరగలేదు' అని రాయి. ఎవరెంత ఒత్తిడి చేసినా రంగు పూయకు. సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో నీటిమట్టం గీయాల్సి వస్తే, బావులు దగ్గర దగ్గరగా కొలిచి ఉంటే, ఈ పద్ధతి చాలావరకు నమ్మొచ్చు. నేలను బట్టి పద్ధతి ఎంచుకోవాలి.

ఇంకొకటి. గార పళ్ల పిల్లలున్న ఇళ్లను చుక్కలుగా పెట్టి మ్యాపు బయటికి ఇవ్వకు. ఆ ఇంటి ఆడపిల్ల సంబంధాల దాకా వెళ్తుంది ఆ చుక్క. బోరును చూపించు, ఇంటిని చూపించకు.

నెల్లూరు వైపు పని దొరికితే అక్కడ వరదలు, రొయ్యల చెరువులు ఉంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటిలాంటి రోజుల్లో మబ్బు వల్ల మామూలు ఉపగ్రహ చిత్రంలో నేల కనిపించదు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 రాడార్ చిత్రాలు మబ్బులోంచి కూడా చూస్తాయి, ఉచితం. నిలిచిన నీళ్లు వాటిలో నల్లగా కనిపిస్తాయి. అయితే ఇందుకూరుపేట, విడవలూరు పక్క రొయ్యల చెరువులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, నాట్లకు నీళ్లు పెట్టిన మడులూ అంతే. వరదకు ముందు చిత్రం తీసుకుని అందులోని నీళ్లను తీసేస్తేనే అసలు మునక తేలుతుంది. చెరువో మడో తెలియాలంటే రెండు నెలలాగి సెంటినెల్-2 చిత్రం (ఇది రాడార్ కాదు, మామూలు ఉపగ్రహ చిత్రం) చూడు, మడి పచ్చబడుతుంది. దాని ఒక్క గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఎకరాకు నలభై గళ్లు వస్తాయి. పెరటి స్థలాలకు అది చాలదు.

ఎత్తుల కోసం 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల లెక్క అందరూ వాడతారు. దానిలో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. కొండల్లో ఫర్వాలేదు. తీరం ఊళ్లలో నేల మొత్తం సముద్రానికి కొన్ని మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కనుక, దాంతో 'ఈ వీధి మునుగుతుంది, ఆ వీధి మునగదు' అని చెప్పకు. అక్కడ లెవలింగ్ చేసిన, అంటే సర్వేయర్లు నేల మీద పరికరంతో ఎత్తు కొలిచిన లెక్కలు సంపాదించాలి.

ఇక నువ్వడిగిన కోర్సు. ఇస్రో వాళ్ల డెహ్రాడూన్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చెబుతుంది, ముందు దానిలో చేరు. ఇస్రోవాళ్లదే భువన్ అనే మ్యాపుల వెబ్‌సైట్ 2009 నుంచి ఉంది, దాన్ని తెరిచి మీ ఊరి చెరువు చూసుకో. డబ్బు కట్టే కోర్సు ఆరు నెలల తర్వాత ఆలోచిద్దాం. మొదటి ఉద్యోగంలో చాలామందికి రోజంతా మ్యాపులు డిజిటైజ్ చేసే, అంటే మ్యాపులోని గీతలను కంప్యూటర్‌లో మళ్లీ గీసే పనే ఇస్తారు. విసుగ్గా ఉంటుంది, టెన్షన్ పడకు. ఆ సమయంలో సాయంత్రాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా నేర్చుకో.

దసరాకు వచ్చేటప్పుడు మొదటి ఊరి బోర్ల పట్టిక తీసుకురా. మ్యాపు ఇంకా గీయకపోయినా ఫర్వాలేదు. తేదీలు, లోతులు, అంకెలు మనిద్దరం కూర్చుని వరుస వరుసా చూద్దాం. మీ అమ్మానాన్నలను అడిగినట్లు చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త