2024-25 ఎన్‌బీఏ సీజన్‌లో ఏ జట్ల ఆట చూస్తే మజా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ సీజన్ కప్పు గెలిచింది ఓక్లహోమా సిటీ థండర్. కానీ చూసే సరదాకైతే నా ఓటు ఇండియానా పేసర్స్‌కే. బాస్కెట్ పడనిచ్చిన మరుక్షణమే బంతి అందుకుని అవతలివైపు పరుగు తీస్తారు, ఒక్కడే పట్టుకుని కూర్చోడు. పైగా ఓడిపోయారనుకుని టీవీ కట్టేయడానికి లేదు.

న్యూయార్క్ నిక్స్‌తో సెమీస్ మొదటి మ్యాచ్‌లో చివరి మూడు నిమిషాల్లో 14 పాయింట్లు వెనకబడ్డారు. ఆఖరి క్షణంలో పేసర్స్ ఆటగాడు హాలిబర్టన్ వేసిన బంతి రింగుకి తగిలి, పైకెగిరి, తాపీగా లోపల పడింది. గెలిచేశామని అతను గంతులు! తీరా చూస్తే కాలి బొటనవేలు మూడు పాయింట్ల గీత మీదుంది. మూడు కాదు, రెండే పాయింట్లు, స్కోరు సమం. చివరికి ఓవర్‌టైమ్‌లో 138-135తో గెలిచారు. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనూ అంతే: ఆధిక్యం దక్కింది చివరి 0.3 సెకన్లలోనే.

థండర్‌ని డిఫెన్స్ కోసం చూడండి, బంతి లాక్కోవడంలో ఆరితేరినవాళ్లు. పాస్‌ల అందం కావాలంటే డెన్వర్ నగ్గెట్స్. వాళ్ల ఆటగాడు యోకిచ్ అటు చూడకుండానే ఇటు అందిస్తాడు.

మ్యాచ్‌లు చాలావరకు మనకి తెల్లవారుజామునే. ఫైనల్స్ మాత్రం ఉదయం ఆరు ప్రాంతంలో, కాఫీతోపాటు.