గూబ వచ్చింది, ఇల్లు ఖాళీ చేయాలా?

పోయిన నెల ఈ శీర్షికలో ‘గుడ్లగూబలతో మీకెదురైన సంగతులు రాయండి’ అని అడిగాను. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొందరు శాంతి చేయించాలా అన్నారు, కొందరు ఫోటో పంపి పేరు చెప్పమన్నారు, ఒకాయనైతే ఏకంగా ధరే అడిగాడు. ఆయన సంగతి తర్వాత చూద్దాం. అటవీ శాఖలో బీటు పనితో మొదలుపెట్టి రిటైరయ్యే దాకా రాత్రిళ్లు ఎక్కువగా బయటే గడిపినవాణ్ని. చదివిందీ చూసిందీ కలిపి చెబుతాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా మిద్దె పైన పాత సామాన్ల గది ఉంది. వెంటిలేటర్ అద్దం ఎప్పుడో పగిలింది. కొన్నాళ్లుగా రాత్రయితే అందులోంచి గురక లాంటి బుస. టార్చి వేసి చూస్తే తెల్లముఖం గూబ, దాని వెనక బొచ్చు పిల్లలు. ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాల్సిందేనని మా అత్తమ్మ పట్టుబట్టారు. మా ఆయనకు షాపు టెన్షన్, పిల్లలకు పరీక్షలు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ఇల్లు మారొద్దమ్మా. పరీక్షల ముందు అసలే మారొద్దు.

మీ గదిలో ఉన్నది బార్న్ ఔల్. మన దగ్గర చావుపిట్ట అనే పాడు పేరు మోస్తున్నది ఇదే. గుళ్లు, గోదాములు, పాడుబడిన మిద్దెలు దీని ఇళ్లు. మీ వెంటిలేటర్ పగిలి ఉంది, గదిలోకి ఎవరూ పోరు, చుట్టుపక్కల బియ్యం కొట్టో జొన్న గోదామో ఉండి ఉంటుంది. అది అక్కడికి రావడానికి ఈ మూడు కారణాలు చాలు, మీ జాతకాలతో దానికి పనిలేదు. ఆ బుస పిల్లలది. ఆకలేసినప్పుడు తల్లిదండ్రులను పిలిచే పిలుపు అది, రాత్రంతా ఆపవు.

అత్తమ్మగారితో వాదనకు దిగకండి. పగటిపూట ఆ గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి నేల చూపించండి. నల్లగా, బొటనవేలంత ఉండలు పడి ఉంటాయి. అవి రెట్టలు కావు. గూబ ఎలుకను నమలదు, మింగేస్తుంది. అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. ఒక్కో ఉండలో ఒకటి రెండు ఎలుక పుర్రెలైనా దొరుకుతాయి. మీ వంటింటి డబ్బాల జోలికి రావాల్సిన ఎలుకలే అవి. ఇది చూశాక మెత్తబడిన పెద్దవాళ్లు నాకు తెలుసు. మెత్తబడనివాళ్లూ తెలుసు, వాళ్లు శాంతి చేయించుకున్నారు. చేయించుకోండి, గూబకేమీ అభ్యంతరం లేదు.

వాసన మాత్రం నిజం. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇబ్బందే, కాదనను. పుట్టిన రెండు నెలలకు పిల్లలు ఎగిరిపోతాయి. అప్పటిదాకా ఆ గది తలుపు మూసి ఉంచండి. పొగ పెట్టడం, కర్రతో పొడవడం వద్దు. వరసగా కొన్ని రాత్రులు చప్పుడు లేకపోతే లోపల ఏమీ మిగల్లేదని చూసుకుని వెంటిలేటర్‌కు ఇనుప మెష్ కొట్టించండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి తడిపాకే ఊడవండి.

ఈ పిట్ట గురించి మీ పిల్లలకు ఒక ముక్క. దీని చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. చప్పుడు ఎంత పై నుంచి, ఎంత కింద నుంచి వస్తోందో ఆ తేడాతో పట్టేస్తుంది. రోజర్ పేన్ అనే అమెరికా శాస్త్రవేత్త, తర్వాత తిమింగలాల పాటలతో పేరు తెచ్చుకున్నాయన, పూర్తిగా చీకటి చేసిన గదిలో ఆకులు పరిచి ఎలుకను వదిలితే బార్న్ ఔల్ వినికిడితోనే పట్టేసిందని 1971లో అచ్చువేశాడు. పరీక్షల్లో ఈ ప్రశ్న రాదు గానీ, చెప్పండి.

ప్రశ్న: పెన్న పక్కన మాకు శనగ చేను ఉంది. సంక్రాంతి దాటాక అడవి పందుల కాపలాకు రాత్రి పోతుంటే వంక గట్టు మీద కంప కింద నుంచి ఒకటి లేచింది. కోడిపెట్ట కన్నా పెద్దది. తల మీద రెండు కొమ్ములు, నిప్పు రంగు కళ్లు. రెక్కలు విసనకర్ర మాదిరి విప్పి, ముక్కు టక్కు టక్కుమనిపిస్తూ బుస కొట్టింది. నేను వెనక్కి తగ్గేదాకా కదల్లేదు. అది పిట్ట కాదు, ఇంకేదో అంటున్నాడు మా మామ. ఆ దారిన పోవాలంటే కాళ్లు ఆడడం లేదు.
– ఒక రైతు, జమ్మలమడుగు

జవాబు: పిట్టేనని మీ మామకు చెప్పండి. అది కొండగూబ, ఇండియన్ ఈగిల్ ఔల్ అంటారు. మీరు కళ్లకు కట్టినట్టు రాశారు కాబట్టి నాకు పని తప్పింది. ఆ కొమ్ములు కొమ్ములూ కావు, చెవులూ కావు. ఈకల కుచ్చులు. అసలు చెవులు కళ్లకు అటూ ఇటూ ఈకల కింద దాక్కుని ఉంటాయి.

అది మీ మీదికి ఎందుకు లేచిందంటే, పక్కన గుడ్లో పిల్లలో ఉన్నాయి. ఈ పిట్ట గూడు కట్టదు. వంక గట్టులో గుంట, బండ అంచు, పొద మొదలు, ఎక్కడ వీలుంటే అక్కడ ఉత్త మట్టి మీదే రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మన వైపు వీటి కాలం. అంటే మీ శనగ చేనూ దాని సంసారమూ ఒకే సీజన్లో, ఒకే గట్టు మీద. నెలకు పైగా పొదగాలి, ఆ తర్వాత పిల్లలు రెక్కలొచ్చినా నెలల తరబడి తల్లిదండ్రుల వెంటే ఉంటాయి. మీరు తగ్గారు, అది ఊరుకుంది. ఇద్దరూ సరిగ్గానే నడుచుకున్నారు.

భయం పోవాలంటే ఒక పని చేయండి. గండికోట మీకు దగ్గరే కదా. పొద్దు మునిగాక, ఫోటోల జనం వెళ్లిపోయాక, లోయ అంచుకు కాస్త ఇవతలే టార్చి ఆర్పి కూర్చోండి. అవతలి గోడ నుంచి ‘బూ… బో’ అని లావుపాటి గొంతు వస్తుంది. ఆగి ఆగి పిలుస్తుంది. ఇంకోటి ఇటు నుంచి బదులిస్తుంది. నేను చాలాసార్లు చూసిన వరస ఇది: మొదట పగలంతా కూర్చున్న సందులోంచి బండ చివరికి నడిచి వస్తుంది. అవును, నడిచే వస్తుంది, ఈకలున్న కాళ్లతో పెద్దమనిషి నడక. ఒళ్లు దులుపుకుంటుంది. ఒక కాలూ అదే వైపు రెక్కా కలిపి వెనక్కి చాపుతుంది. తర్వాత ముందుకు వంగి కూస్తుంది. కూసినప్పుడల్లా గొంతు కింద తెల్లటి పట్టీ ఉబ్బుతుంది. చీకటి ముదిరి పిట్ట ఆకారం కనబడకుండా పోయినా ఆ తెలుపు వెలిగి ఆరడం కనబడుతూనే ఉంటుంది. కూత వింటే మీ మామ కూడా మీతో రెండోసారి వస్తాడని నా పందెం.

ఇక చేను సంగతి. రెండు నెలలు కాలిదారి కాస్త పక్కకు జరపండి. కుక్కను అటు వదలకండి. గట్టు శుభ్రమని ఆ కంపకు నిప్పు పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎలుకల మందు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది. గూబకు సులువుగా దొరికేది అదే. ఆ విషం దీని ఒంట్లోకీ చేరుతుంది. ఎలుకలను ఊరికే పట్టిపెట్టే పిట్టను మందు పెట్టి పోగొట్టుకోవడం నష్టం బేరం. శనగలో పచ్చపురుగు కోసమని వ్యవసాయాధికారులు టీ ఆకారం కర్రలు పాతమంటారు చూడండి, పగలు వాటి మీద పసులపోలిగాడు అనే పిట్ట కూర్చుని పురుగులేరుకుంటుంది. రాత్రి షిఫ్టుకు గూబలు వాడుకుంటాయి. అవి పాతండి.

ప్రశ్న: మా పాపకు ఆరో నెల. రాత్రి బట్టలు బయట ఆరేస్తే వాటి మీదుగా గూబ ఎగిరి పక్షిదోషం తగిలిందని, అందుకే చిక్కిపోతోందని అంటున్నారు. తాయెత్తు కట్టించాం.
– ఒక తల్లి, కడప

జవాబు: తాయెత్తు ఉంటే ఉండనీ, రేపే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమ్మా. గూబ నీడకు ఎవరూ చిక్కిపోరు. పాలు చాలకపోతే, విరేచనాలవుతుంటే, ఒంట్లో ఏదైనా జబ్బుంటే చిక్కుతారు. అంగన్‌వాడీలో బరువు వేసిన కార్డు కూడా పట్టుకెళ్లు. ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా విడిగా కూడా జవాబు రాశాను.

ప్రశ్న: మా ఇంటి ముందు వేపచెట్టు తొర్రలో పిడికెడు గూబలు రెండున్నాయి. పొద్దుగూకగానే కిచకిచమని ఒకటే గొడవ. మమ్మల్ని చూసి తల పైకీ కిందికీ ఆడిస్తాయి. పగలు బయటికొస్తే కాకులు, గోరింకలు వెంటపడతాయి. అవి అంత చెడ్డవా?
– రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం

జవాబు: అవి పైడికంటెలు. ఊళ్లో బతకడం బాగా నేర్చుకున్న గూబలు. మీరు గొడవ అంటున్నది చాలావరకు మొగుడూ పెళ్లాల పలకరింపు. మన ఇళ్లలో వినబడేదానికి పెద్ద తేడా లేదు. వీధి దీపం కింద కాచుకుని పురుగులు పట్టుకుంటాయి, చిట్టెలుకలు, బల్లులు దొరికినా వదలవు. తల ఆడించేది మిమ్మల్ని వెక్కిరించడానికి కాదు, మీరెంత దూరంలో ఉన్నారో కొలుచుకోవడానికి. కాకులకు మాత్రం గూబ రాత్రి శత్రువు, అందుకే పగలు కనబడితే గుంపు కట్టి తరుముతాయి. తొర్ర ఉన్న కొమ్మను కరెంటు తీగల పేరుతో కొట్టించకుండా చూడండి. అది పోతే ఆ జంటా పోతుంది.

ప్రశ్న: మూడు కిలోల గూబకు లక్షలు ఇస్తారట కదా. మా తోటలో ఒకటుంది. రేటు ఎంత, ఎవరు కొంటారు?
– గుంతకల్లు

జవాబు: మన కొండగూబే కిలోకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. మూడు కిలోల గూబను మీకు ఎవరు చెప్పారో వాళ్లనే తూచి తెమ్మనండి. దీపావళి ముందు ఈ పుకారు ఏటా లేస్తుంది. అడ్వాన్సు పేరుతో డబ్బు లాగేవాళ్లు కొందరు, అమావాస్య పూజలకు నిజంగానే పిట్టను చంపేవాళ్లు కొందరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టినా, కొన్నా, అమ్మినా కేసే. మీ ఊరి పేరు వేశాను, ఇంటిపేరు వేయలేదు. సంతోషించండి.

ప్రశ్న: కర్నూలు నుంచి లోడుతో వస్తుంటే వెల్దుర్తి దగ్గర హైవే మీద గూబ కూర్చుని ఉంది. లైటు పడినా లేవలేదు. ముందు పోతున్న కారు తగిలి రెక్క విరిగింది. గోనెసంచిలో చుట్టి తెచ్చాను, నీళ్లు పోశాను, పొద్దున్నే చచ్చిపోయింది. ఏం చేసి ఉండాల్సింది?
– ఒక లారీ డ్రైవర్

జవాబు: బండి ఆపడమే చాలామంది చేయరు. 44వ నంబరు హైవే పొడవునా లారీల నుంచి గింజలు రాలతాయి, గింజలకు ఎలుకలు వస్తాయి, ఎలుకలకు గూబలు వస్తాయి. చీకటికి పూర్తిగా తెరుచుకున్న కళ్లల్లో హెడ్‌లైటు పడితే కాసేపు వాటికేమీ కనబడదు. దూరం నుంచే లైటు డిమ్ చేసి వేగం తగ్గిస్తే చాలాసార్లు లేచిపోతుంది.

దెబ్బ తగిలినదాన్ని మందపాటి తువాలు కప్పి పట్టుకోవాలి, గోళ్లు చాలా లోతుగా దిగుతాయి. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం అసలే వద్దు. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో పశువుల ఆసుపత్రికో అప్పగించాలి. రెక్క ఎముక విరిగిన పిట్ట ఇవన్నీ చేసినా బతకడం కష్టమే. దీన్ని మనసులో పెట్టుకోకండి.

ప్రశ్న: లంకమల వైపు మా పొలం. రాత్రి తెల్లవార్లూ వినబడే కూతలన్నీ గూబలవేనా? కలివికోడి కూడా అయ్యుండొచ్చా?
– బద్వేలు

జవాబు: అన్నీ కావు. ఎగురుతూ గోల చేసేది తీతువు, పాపం దానికీ అపశకునం ముద్ర ఉంది. దారి మధ్య కూర్చుని లైటుకు కళ్లు ఎర్రగా మెరిసేది నైట్‌జార్ అనే రాత్రిపిట్ట. కలివికోడి గురించి ఆశ ఉండటంలో తప్పు లేదు. జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టరు 1848లో లోకానికి చెప్పిన అరుదైన నేల పిట్ట ఇది, 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడి మాయమై, 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దానికోసం పొదల మధ్య మట్టి చదును చేసి, పొద్దున్నే అడుగులు వెతికేవాళ్లు. కూత మాత్రం పొద్దు మునిగిన తర్వాత కొద్దిసేపే, అర్ధరాత్రి దాకా సాగదు. మీరు విన్నది తెల్లవార్లూ సాగిందని రాశారు కాబట్టి అది కలివికోడి కాదు. వెతకాలని టార్చి వేసుకుని అభయారణ్యంలోకి మాత్రం పోకండి.

ప్రశ్న: గూబ తల చుట్టూ తిరుగుతుందా? మా స్కూలు వెనక పాత బురుజు కింద మీరు చెప్పే ఉండలు దొరికాయి, ఏం చేయాలి?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, ఆదోని

జవాబు: పూర్తి చుట్టు తిరగదు, 270 డిగ్రీల దాకా తిరుగుతుంది. దాని కళ్లు గోళాల్లా ఉండవు, గొట్టాల్లా పొడుగ్గా బిగుసుకుని ఉంటాయి, మనలా పక్కకు తిప్పలేదు. అందుకే మెడ తిప్పాలి. మన మెడలో ఎముకలు 7, దాని మెడలో 14.

ఆ ఉండను కాసేపు ఎండబెట్టి, పాత గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టు. బొచ్చు విడిపోయాక రెండు పుల్లలతో ఎముకలు వేరుచేసి నల్ల కాగితం మీద పరుచు. ముందుకు పొడుచుకొచ్చిన నారింజ రంగు పళ్లుంటే ఎలుక, పొడుగు మూతి, సన్నపళ్లుంటే చుంచు. సైన్సు టీచరును పక్కన పెట్టుకుని చెయ్యి. ఆ గిన్నె వంటింట్లోకి తీసుకెళ్లకు, చేతులు సబ్బుతో కడుక్కో.