ఫైనలియర్ ప్రాజెక్టుగా పర్యావరణ సమస్యకు ఐటీ పరిష్కారం చేయాలనుకుంటున్నాం. ఏ సమస్య ఎంచుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గాలి నాణ్యత చూపించే యాప్ చేద్దామనుకుంటున్నామని, మీ బృందంలో ఇద్దరిది అనంతపురం వైపు పల్లెలని రాశారు. సూటిగా చెప్తాను: గాలిని పక్కన పెట్టి, బోర్లలో నీటి మట్టం పట్టుకోండి. సీఎస్ఈ చివరి సంవత్సరంలో మా బృందం చేసింది అదే. ఉద్యోగంలో చేరాక కూడా ఏటా జూనియర్లతో కలిసి అదే ఊళ్లో ఆ పని నడిపిస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

గాలి ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పేస్తాను. కాలేజీ ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించేది ఎంక్యూ-135 అనే వాయువుల సెన్సర్‌ను ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు తగిలించి, తెర మీద ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అని ఒక అంకె చూపించడం. ఆ సెన్సర్ అమోనియాకూ, ఆల్కహాల్ ఆవిరికీ, బెంజీన్‌కూ, పొగకూ కలిపి స్పందిస్తుంది. ఏది ఎంత ఉందో విడదీసి చెప్పలేదు. మన దేశంలో ఏక్యూఐ లెక్క కట్టాలంటే కనీసం మూడు కాలుష్యకాల కొలతలు కావాలి. అందులో సన్నని ధూళి కణాల కొలతలైన పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ తప్పనిసరి, అదీ 24 గంటల సగటు. ఇదంతా సరిగ్గా చేశారనే అనుకుందాం. ఆ అంకె చూసి మీ ఊళ్లో ఎవరు, రేపు ఏ పని మార్చుకుంటారు? నన్నడిగితే ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

బోరు దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంది. వానలు వెనక్కి తగ్గాక రైతు ఒక నిర్ణయం తీసుకోవాలి: రబీలో ఏ పంట, ఎన్ని ఎకరాలు? లెక్క చూడండి. ఎకరం మీద 1 మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4 వేల లీటర్లు. వేరుశనగకు పంటకాలం మొత్తానికి దగ్గర దగ్గర 500 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 20 లక్షల లీటర్లు కావాలి. వరికి 1,200 మిల్లీమీటర్లు వేసుకున్నా 48 లక్షల లీటర్లు. సెకనుకు 2 లీటర్లు పోసే బోరు రోజుకు 9 గంటల కరెంటులో 64,800 లీటర్లు ఇస్తుంది, 110 రోజుల్లో 71 లక్షలు. కాగితం మీద మూడున్నర ఎకరాల వేరుశనగకు సరిపోతుంది. వరి అయితే ఎకరంన్నర దాటితే కష్టం. కానీ ఫిబ్రవరిలో నీళ్లు తగ్గాయంటే ఆ మూడున్నరలో ఒక ఎకరం కాయ ఊరే దశలో ఎండుతుంది. మట్టం ఎంత వేగంగా దిగుతోందో విత్తే ముందే తెలిస్తే ఆ ఎకరం విత్తనాలు, ఎరువులు, కూలీల ఖర్చు మిగులుతుంది.

ఈ ఆలోచన మాది కాదు. 2000ల దశాబ్దంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పద్ధతి) అనే ప్రాజెక్టు నడిచింది. డబ్బు నెదర్లాండ్స్ ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ లాంటి 7 కరవు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, పంటలకు కావాల్సినవెన్ని అనే లెక్క, వేసుకున్నారు. లెక్కలు గోడల మీద బోర్డుల్లో రాసేవాళ్లు. పెద్దగా బడికి వెళ్లని ఆడవాళ్లు, మగవాళ్లు ఇంత శాస్త్రీయంగా నీళ్లు కొలిచిన ప్రయత్నం మన దగ్గరే జరిగిందని కంప్యూటర్ విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. మీ డిజైన్ మొదలుపెట్టే ముందు దాని నివేదికలు వెతికి చదవండి.

ఇక కొలత సంగతి. మీ సమయంలో సగం దీనికే పెట్టాలి. హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో చేసేద్దామని అందరికీ అనిపిస్తుంది. దాని చూపు 4 మీటర్లే. మేం పనిచేసే ఊళ్లో నీళ్లు 200 అడుగుల కింద ఉన్నాయి. పైగా ఆరున్నర అంగుళాల కేసింగ్ లోపల మోటారు పైపు, కేబులు, తాడు అన్నీ ఉంటాయి. శబ్దం వాటికి తగిలే వెనక్కి వస్తుంది. నీళ్లలోకి దించే ప్రెషర్ సెన్సర్లు బాగా పనిచేస్తాయి గానీ విద్యార్థుల జేబుకు భారం. మేం వాడేది చేత్తో దించే టేపు. చివర నీళ్లు తగలగానే బీప్ మంటుంది.

మోటారు ఉన్న బోరులో టేపు దించకండి, పైపుకు చుట్టుకుని ఇరుక్కుంటుంది. మోటారు తీసేసినా అడుగున ఇంకా నీళ్లున్న పాత బోర్లు ఎంచుకోండి. కొలిచాక మూత మళ్లీ బిగించకుండా అక్కడి నుంచి కదలొద్దు. తెరిచి వదిలేసిన బోర్లు పసిపిల్లల ప్రాణాలు తీశాయి, ఈ విషయంలో ఎంత కచ్చితంగా ఉన్నా తక్కువే. కొలవాల్సింది ఉదయం కరెంటు రాకముందే. ఆటో స్టార్టర్లు ఉండటంతో కరెంటు రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, మట్టం ఉన్నదానికంటే కిందికి కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ దీని తర్వాతే. మా యాప్ చిన్నది. సిగ్నల్ లేకపోయినా కొలత ఫోన్‌లో దాచుకుని, ఊళ్లోకి వచ్చాక పంపుతుంది. 180కి బదులు 18 అని కొడితే పాత కొలతతో పోల్చి, టేపు ఫొటో అడుగుతుంది. రైతు ‘రెండించుల నీళ్లు’ అంటాడు గానీ సెకనుకు లీటర్లు అనడు. అందుకని 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పట్టిన సమయాన్ని రైతు చేతే కొలిపించి, సెకన్లు మాత్రమే నమోదు చేయిస్తాం, మిగతా లెక్క యాప్ చూసుకుంటుంది. ఫలితం పాల కేంద్రం గోడ మీది బోర్డుకు, వాట్సాప్‌లో తెలుగు వాయిస్ మెసేజ్‌గా ఊరి గ్రూపుకు వెళ్తుంది. డ్యాష్‌బోర్డు కూడా ఉంది, కాలేజీ రివ్యూలకు అది కావాలి. ఊళ్లో మాత్రం అందరూ ఆగి చదివేది ఆ బోర్డునే.

ఊరి మ్యాపు మీద రంగులు పూసి ‘ఇక్కడ నీళ్లు ఎక్కువ, ఇక్కడ తక్కువ’ అని చూపించాలనే కోరిక మీకూ కలుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. మన దగ్గర కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు ఉండేది దాని పగుళ్లలోనే. 50 అడుగుల దూరంలోని రెండు బోర్లకు ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోవచ్చు. రెండు చుక్కల మధ్య కంప్యూటర్ ఊహించి పూసిన రంగును నమ్మి ఎవరైనా అప్పు చేసి బోరు వేయిస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

ఇంకో సంగతి. బోరు వివరాలు అడిగితే రైతులు మొదట వెనకాడతారు. మోటారుకు మీటరు పెట్టిస్తారేమో, బోర్లను నియంత్రించే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద నోటీసు వస్తుందేమో అని భయం. అది న్యాయమైన భయమే. యజమాని పేరు, సర్వే నంబరు యాప్‌లో తీసుకోకండి, బోరుకు ఒక గుర్తు సంఖ్య చాలు. డేటా ఎవరికి కనిపిస్తుందో ఊరి వాళ్ల ముందు చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. రైతులు ఎలాంటి పరికరాన్ని ఇష్టంగా తీసుకుంటారో పోల్చి చూసుకోవడానికి, ఫోన్‌తోనే మోటారు వేసే మొబైల్ స్టార్టర్‌ను గమనించండి. ఎవరూ ప్రచారం చేయకపోయినా దాన్ని సొంత డబ్బుతో కొన్న రైతులు నాకు చాలామంది తెలుసు. రాత్రిపూట చీకట్లో, పాముల భయంతో మోటారు వేయడానికి పొలానికి నడిచే బాధ తప్పించింది కాబట్టి కొన్నారు.

చివరగా సమయం. నీటి సంవత్సరం జూన్‌లో మొదలై మే నెలాఖరుకు ముగుస్తుంది, మన సెమిస్టర్లు దానికి సరిపోవు. ఏడో సెమిస్టర్ దాకా ఆగకుండా మూడో సంవత్సరం పరీక్షలు అయిపోగానే, తొలకరికి ముందే మొదటి కొలత తీయండి. అప్పుడే వానకు మట్టం ఎంత పైకి లేచిందో అక్టోబరుకల్లా మీ చేతిలో ఉంటుంది. మీ తర్వాతి బ్యాచ్‌లో ఇద్దరిని మొదటి నెల నుంచే వెంట తీసుకెళ్లండి. టేపు, బోర్ల జాబితా, సర్వర్ పాస్‌వర్డు వాళ్లకు అప్పగించే తేదీ కూడా ముందే అనుకోండి. ఒక్క సెమిస్టరే ఉందంటే మట్టం జోలికి పోకుండా, వాన కొలత, డ్రమ్ము కొలత రెండింటితో నీటి బడ్జెట్ వేసే యాప్ వరకు చేయండి. అంతవరకైనా రబీకి పనికొస్తుంది.